కర్ణాటక సంగీతానికి అలవాటుపడిన చెవితో జోస్కాన్‌ను, బాఖ్‌ను వినడం ఎలా?

ప్రశ్న అడిగినవారు: కోనేటిగట్టు (తిరుపతి)

అందరికీ నమస్కారం. మా ఇల్లు తిరుపతిలో గోవిందరాజస్వామి గుడికి దగ్గర. తెల్లవారకముందే చెవిన పడే సంకీర్తనల మధ్య పెరిగాను, పెళ్లికి ముందు తొమ్మిదేళ్లు గాత్రం నేర్చుకున్నాను. కచేరీ చేసే విద్వత్తు లేదు గాని, రాగం పోల్చుకోగలను, తాళం తప్పకుండా వేయగలను. ఈ మధ్య ఐరోపా పాత సంగీతం మీద, అంటే మధ్యయుగం, పునరుజ్జీవన కాలం, బరోక్ కాలం రచనల మీద, మనసు పోయింది. అయితే వినడంలోనే నాకొక చిక్కు వచ్చిపడింది.

మా అమ్మాయి నాకు మొదట వినిపించింది వివాల్డి రాసిన నాలుగు ఋతువుల కచేరీల్లో ‘వసంతం’. దాని రెండో భాగంలో ఒక వయొలిన్ జోల పాడుతున్నట్టు నిదానంగా సాగుతుంది. నేను దాన్ని ఇరవైసార్లకు పైగా విన్నాను, మనసులో పాడుకోగలిగేంతగా వచ్చేసింది కూడా. ఒకరోజు అమ్మాయి “అందులో కుక్క మొరుగుడు విన్నావా అమ్మా?” అని అడిగింది. నాకు అర్థం కాలేదు. మళ్లీ పెట్టి, చేత్తో తొడమీద దెబ్బ వేస్తూ చూపించింది. నిద్రపోతున్న మేకల కాపరి పక్కన కాపలా కుక్క మొరుగుతున్నట్టుగా వయోలా ఒకే స్వరాన్ని రెండేసి దెబ్బలుగా, ఆ భాగమంతా, ఆగకుండా పలుకుతూనే ఉంది (వయోలా అంటే వయొలిన్ కన్నా కాస్త పెద్దదిగా, మంద్రంగా పలికే వాద్యం). మిగతా వయొలిన్లు ఆకుల గలగలలా అల్లల్లాడుతున్నాయి. ఇరవైసార్లు విన్న రచనలో సగానికి పైగా నా చెవికి చేరనే లేదన్నమాట. ఆ రోజు నాకు నిజంగా బాధ కలిగింది.

కాబట్టి అడుగుతున్నాను. పైన పలికే ఒక్క గొంతునే పట్టుకుని మిగతావాటిని వదిలేసే ఈ అలవాటు నుండి బయటపడే దారి ఏది? కాలక్రమంలో పాతవాటి నుండి మొదలుపెట్టాలా, బరోక్ కాలపు రచయిత బాఖ్ నుండి వెనక్కి వెళ్లాలా? ఇంకొక చిన్న కోరిక. మన అన్నమయ్య కొండమీద సంకీర్తనలు కడుతున్న కాలంలో, అంటే 1408 నుండి 1503 వరకు, అక్కడ ఎవరు ఏమి పాడుకుంటున్నారో తెలుసుకోవాలని ఉంది. తెలిసినవారు కాస్త వివరంగా రాస్తే ఋణపడి ఉంటాను.

జవాబు: మంద్రస్థాయి (తిరుపతి)

కోనేటిగట్టు గారికి నమస్కారం. నేను ముప్పై ఏళ్లకు పైగా పిల్లలకు సంగీతం చెప్పినవాడిని, ఈ పాశ్చాత్య సంగీతంలోకి విశ్రాంత జీవితంలోనే అడుగుపెట్టాను. నా అనుభవం మీద చెబుతున్నాను. మీలాంటి వారు కాలక్రమంలో వెళ్లడమే మంచిది, ఎందుకంటే ఆ సంగీతం కూడా ఒక్క గొంతుతోనే మొదలై, ఒక్కొక్క గొంతును చేర్చుకుంటూ పెరిగింది. అది పెరిగిన దారినే మీ చెవి కూడా పెరుగుతుంది.

మొట్టమొదట చర్చిలో పాడే గ్రెగోరియన్ గానం వినండి. అందులో తాళం లేదు, పక్కవాద్యం లేదు, అందరూ కలిసి ఒకే వరసను పాడతారు. మనవాళ్లు కచేరీ చివర శ్లోకాన్ని రాగమాలికగా విస్తరిస్తూ పాడినప్పుడు మాటే లయను నడిపించడం మీకు తెలుసు కదా, దీని నడక అటువంటిదే. అక్కడి నుండి జర్మనీకి చెందిన హిల్డెగార్డ్ (1098–1179) దగ్గరకు వెళ్లండి. ఆమె ఒక మఠానికి అధిపతి, తన పాటలకు తానే మాట, తానే వరస కట్టుకున్నారు. ఆమె గానాల్లో షడ్జమం నుండి ఒక్కసారిగా పంచమానికి ఎగిరి అక్కడి నుండి ఇంకా పైకి పోయే ఆరంభాలు మాటిమాటికీ వస్తాయి. ఆ ఎగురుడు విన్నప్పుడు ఆమె మనకు పరాయిగా అనిపించరు.

ఆ సంగీతం మన దాకా ఎలా వచ్చిందో కూడా తెలుసుకోవాలి. పదకొండో శతాబ్దంలో ఇటలీకి చెందిన గీడో అనే సన్యాసి, పాటను ఎన్నడూ వినని పిల్లవాడు కూడా చూసి పాడేలా గీతల మీద స్వరాలు రాసే పద్ధతిని తీర్చిదిద్దాడు. ఒక లాటిన్ స్తోత్రంలో ప్రతి పాదం అంతకు ముందు పాదం కన్నా ఒక స్వరం పైన మొదలవుతుంది. ఆ పాదాల మొదటి అక్షరాలనే తీసుకుని ఉత్, రె, మి, ఫా, సోల్, లా అని ఆరు స్వరాలకు పేర్లు పెట్టాడు. పిల్లలకు సరళీ వరసలు చెప్పిన నాకు ఆ సంగతి చదివినప్పుడు ఆయన మా వాడే అనిపించింది.

ఇప్పుడు మీ చిక్కు దగ్గరకు వస్తాను. 1198 ప్రాంతంలో పారిస్‌లోని నోత్ర్ దామ్ చర్చికి పెరొటాన్ కట్టిన నాలుగు గొంతుల ‘విదెరుంత్ ఒమ్నెస్’ వినండి. కింది గొంతు పాత గానంలోని ఒక్కొక్క స్వరాన్ని చాలాసేపు పట్టి ఉంచుతుంది, పైన మూడు గొంతులు దాని మీద గిరగిర తిరుగుతాయి. ఆ కింది గొంతుకు టెనర్ అని పేరు రావడానికి కారణం లాటిన్‌లో ‘పట్టి ఉంచు’ అనే అర్థమున్న మాటే. మీరు తంబుర శ్రుతి మీద చెవి నిలిపి పాడినవారు. ఇక్కడా చెవిని ముందు ఆ కింది స్వరం మీదే నిలపండి. ఒక తేడా మాత్రం గుర్తుంచుకోండి. మన తంబుర కదలదు, ఈ టెనర్ చాలాసేపటికి గాని కదలదు, కాని కదిలినప్పుడు పైనున్న మూడు గొంతుల రంగే మారిపోతుంది. ఆ మార్పును ఒక్కసారి గుర్తుపట్టారంటే సగం చిక్కు విడిపోయినట్టే.

ఆ తరువాత పద్నాలుగో శతాబ్దపు గియోమ్ ద మషో. ఒకే రచయిత చేతి మీదుగా పూర్తిగా నాలుగు గొంతులకు కూర్చబడిన మాస్ (చర్చిలో జరిగే ప్రధాన ఆరాధన) ప్రార్థనల్లో, రచయిత పేరు తెలిసినవాటిలో, మొట్టమొదటిది ఆయనదే. అందులో టెనర్‌కు ఒక లయ వరస, ఒక స్వర వరస విడివిడిగా ఉండి, రెండూ వేర్వేరు పొడవుల్లో తిరుగుతాయి. మృదంగం వాయించే పిల్లలకు ఈ సంగతి చెప్పాను, వాళ్లకు అది వెంటనే అర్థమైంది. మనం ముక్తాయింపు లెక్క కట్టి ఎడుపు దగ్గర కలుపుతాం కదా.

అన్నమయ్య కాలం గురించి అడిగారు. ఆయనకు దాదాపు ఇరవై ఎనిమిదేళ్ల వయసు ఉన్నప్పుడు, 1436 మార్చి 25న, ఫ్లారెన్స్ నగరంలో కొత్తగా గుమ్మటం కట్టిన పెద్ద చర్చికి జరిగిన ప్రతిష్ఠ కోసం గియోమ్ ద్యుఫే ఒక మోటెట్, అంటే పలు గొంతులకు కూర్చిన భక్తిగానం, రాశాడు. అందులో కింది గొంతుల వరస నాలుగు భాగాల్లో మళ్లీమళ్లీ వస్తుంది, ఆ భాగాల నిడివులు 6, 4, 2, 3 అనే నిష్పత్తుల్లో ఉంటాయి. అన్నమయ్య చివరి సంవత్సరాలకు వస్తే పునరుజ్జీవన కాలపు రచయిత జోస్కాన్ దె ప్రే (మరణం 1521) పేరు ఐరోపా అంతటా మోగుతోంది. 1501లో వెనిస్‌లో పెట్రూచి అచ్చు అక్షరాలతో బహుగళ (పలు గొంతుల) సంగీతాన్ని మొదటిసారిగా అచ్చువేశాడు, మరుసటి సంవత్సరం అతడు వేసిన మోటెట్ల సంపుటం జోస్కాన్ రాసిన ‘ఆవె మరియా’తోనే మొదలవుతుంది. దాదాపు అదే కాలంలో ఇక్కడ తాళ్లపాక వారు సంకీర్తనలను రాగిరేకుల మీద చెక్కించారు. నేను ఆ రేకును గాజు వెనుక నుండి చూశాను. పైన రాగం పేరు ఉంటుంది, కింద పాట ఉంటుంది, స్వరం మాత్రం ఉండదు. మనకు మాట మిగిలి వరస పోయింది. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారి వంటి పెద్దలు మళ్లీ వరసలు కడితే గాని ఆ పాటలు మన నోటికి రాలేదు. అక్కడ జోస్కాన్ రాసిన నాలుగు గొంతులూ, ఏ స్వరం తరువాత ఏ స్వరమో, కాగితం మీద అలాగే ఉన్నాయి. ఇది తలచుకున్నప్పుడల్లా నాకు గొంతు పట్టుకుంటుంది.

జవాబు: నాలుగుతీగలు (చిత్తూరు)

మంద్రస్థాయి గారి జ్ఞానానికి నమస్కరిస్తూనే ఒక్క విషయంలో విభేదిస్తున్నాను. కాలక్రమం చదువుకోవడానికి బాగుంటుంది గాని, వినడానికి మొదటి మెట్టుగా బరోక్ కాలమే సులువని నా అభిప్రాయం. కారణం ఒక్కటే. 1600 ప్రాంతం నుండి ఆ సంగీతమంతా కింది వరస మీద నిలబడింది. చెల్లోగాని, వయోలా ద గాంబాగాని (రెండూ మంద్రంగా పలికే తీగవాద్యాలు) కింది వరసను వాయిస్తుంటే, హార్ప్సికార్డ్ అనే మీటల వాద్యం వాయించేవారు ఆ వరస కింద రాసిన అంకెలను చూసి పైస్వరాలను అప్పటికప్పుడు కల్పించుకుంటారు. అంటే కాగితం మీద ఉన్నది ఆధారం మాత్రమే, మిగిలింది పక్కవాద్యం వాయించేవారి మనోధర్మం. కచేరీలో గాత్రం వెనుక వయొలిన్ వాయించే నాలాంటివారికి ఇది ఎంత దగ్గరగా అనిపిస్తుందో చెప్పలేను.

కోనేటిగట్టు గారూ, మీరు హెన్రీ పర్సెల్ (1659–1695) రాసిన ‘డైడో అండ్ ఈనియాస్’ సంగీత నాటకంలో చివరన రాణి డైడో పాడే శోకగీతంతో మొదలుపెట్టండి. ముందు పాటను వదిలేయండి. వాద్యాలు ఒంటరిగా కింద పలికే వరసను మాత్రమే వినండి. అది షడ్జమం నుండి కాకలి నిషాదం, కైశికి నిషాదం, చతుశ్రుతి ధైవతం, శుద్ధ ధైవతం మీదుగా పంచమానికి, ఒక్క మెట్టు కూడా వదలకుండా దిగుతుంది. రెండు నిషాదాలు, రెండు ధైవతాలు ఇలా వరుసగా రావడం మన రాగాల్లో సాధారణంగా వినం, కాబట్టి అది మీ చెవికి వెంటనే కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. పంచమానికి దిగిన తరువాత తిరిగి షడ్జమం చేరుతుంది. మూడేసి లెక్కల చొప్పున ఐదు కొలతలు, మొత్తం పదిహేను. చేత్తో తాళం వేసుకుంటూ లెక్కపెట్టండి, ఆ వరస పదకొండుసార్లు తిరుగుతుంది. అది నోటికి వచ్చాక గాత్రం మీదకు చెవి పోనివ్వండి. కింది ఆవర్తనం ముగిసిన చోట గాత్రం ముగియదు, దాని మీదుగా దాటి పోతుంది. కింద విధి తన లెక్కలో తాను తిరుగుతుంటే పైన మనిషి ఏడుస్తున్నట్టు ఉంటుంది. రెండు గొంతులను ఒకేసారి వినడం అంటే ఏమిటో నాకు తెలిసింది ఆ పాటతోనే.

పాకెల్‌బెల్ కానన్ (ఒకే పాటను ఒకరి తరువాత ఒకరు అందుకునే రచన) కూడా ఇలాంటిదే. ఎనిమిది స్వరాల కింది వరస ఇరవై ఎనిమిదిసార్లు తిరుగుతుంది, పైన మూడు వయొలిన్లు ఒకదాన్ని ఒకటి వెంబడిస్తూ ఒకే వరసను పలుకుతాయి. పెళ్లి వీడియోలలో విని విని దాన్ని తేలిగ్గా తీసుకుంటారు గాని, మొదటి వయొలిన్‌ను వదిలి మూడోదాన్ని పట్టుకుని చివరి దాకా వినగలిగితే చెవికి మంచి సాధన.

వివాల్డి (1678–1741) మీకు నచ్చాడు కాబట్టి ఆయన గురించి ఒక మాట. ఆయన వెనిస్‌లోని పియెతా అనే అనాథాశ్రమంలో బాలికలకు వయొలిన్ నేర్పుతూ, వారి కోసం కచేరీ రచనలు చేశాడు. నాలుగు ఋతువులు 1725లో అచ్చయ్యాయి. చనిపోయాక ఆయనను దాదాపుగా మరిచిపోయారు. 1926లో ఇటలీలో ఒక మఠ పాఠశాల తన దగ్గరున్న పాత పుస్తకాలను అమ్మదలచి విలువ కట్టమని అడిగితే, వాటిలో పద్నాలుగు సంపుటాలు వివాల్డి వ్రాతప్రతులని తేలింది. మిగిలిన సగం ఒక కుటుంబం దగ్గర దొరికి 1930లో ట్యూరిన్ గ్రంథాలయానికి చేరింది. దాదాపు అవే దశాబ్దాల్లో ఇక్కడ మన కొండమీద రాగిరేకులు చీకటి అర నుండి వెలుగులోకి వచ్చాయి. ఈ రెండు సంగతులు పక్కపక్కన పెట్టి తలచుకోవడం నాకు ఇష్టం.

ఇక బాఖ్. ఒకే వయొలిన్ కోసం ఆయన రాసిన ఆరు రచనలకు 1720 నాటి స్వహస్త ప్రతి ఉంది. వాటిలో రెండో పార్తీతా (నృత్య భాగాల వరుస) చివరి భాగమైన షకోన్ దాదాపు పదిహేను నిమిషాలు. నాలుగు కొలతల చిన్న ఆధారం మీద సంగతుల తరువాత సంగతులు పుట్టిస్తూ పోతాడు, మధ్యలో ఒక చోట చీకటిగా ఉన్న స్వరస్థానాలు మారి ఒక్కసారిగా వెలుతురు వస్తుంది. అది వాయించి చూడాలని నా వయొలిన్‌ను ప-స-ప-స శ్రుతి నుండి వాళ్ల శ్రుతికి మార్చబోయాను. వాళ్లు నాలుగు తీగలనూ పంచమం తేడాతో పేరుస్తారు. పైతీగను బిగిస్తుండగా తెగి చేతికి కొట్టుకుంది. వారం తరువాత వేరే వయొలిన్ మీద ప్రయత్నించాను. కింద కూర్చుని, మడమ మీద ఆన్చి, వేలిని జార్చి వాయించే అలవాటున్న చేతికి మూడు తీగల మీద ఒకేసారి మూడు వేళ్లను కదలకుండా నిలపడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. ఒక్క వాద్యమే, కాని కింది వరస ఎక్కడుందో, పైది ఎక్కడుందో వేళ్లే చెబుతాయి. ఆ నొప్పి తరువాత నేను ఆ రచనను వేరే విధంగా వినడం మొదలుపెట్టాను.

జవాబు: ఆల్టోవరస (చిత్తూరు)

పెద్దలిద్దరూ వినే పద్ధతులు చెప్పారు. నేను పాడే పద్ధతి చెబుతాను. మా చర్చి గాయక బృందంలో పదహారేళ్లుగా ఆల్టో పాడుతున్నాను, అంటే పైగొంతుకు కింద ఉండే రెండో గొంతు. మొదటి రోజుల్లో నా వరస నాకే నచ్చేది కాదు. పైగొంతు వారికి అందమైన పాట, నాకు మూడు నాలుగు స్వరాల మధ్య తిరుగుడు. ఇంట్లో ఒంటరిగా పాడితే మా నాన్న “ఇది ఏ పాటమ్మా?” అని అడిగేవారు. కాని నలుగురూ కలిసినప్పుడు, పైగొంతు ఒక స్వరం మీద ఆగితే నా గొంతు దానికి అతి దగ్గర స్వరంలో రాసుకుని, మరుక్షణం కిందికి దిగి హాయి కలిగిస్తుంది. ఆ రాపిడి నా వరసలోనే ఉందని తెలిశాక దాన్ని ఎవరికీ ఇవ్వబుద్ధి కాలేదు.

బరోక్ కాలపు హాండెల్ రాసిన ‘మెసయ్య’ను 1742లో డబ్లిన్‌లో మొదటిసారి పాడారు. అందులోని హల్లెలూయా గానం మీరు ఎక్కడైనా వినే ఉంటారు. అందులో ‘ఆయన యుగయుగములు ఏలును’ అనే అర్థం వచ్చే వాక్యం దగ్గర అట్టడుగు బాస్ గొంతు ముందు మొదలుపెడుతుంది, తరువాత టెనర్, తరువాత మేము, చివరకు పైగొంతు. మెట్లు ఎక్కినట్టు ఉంటుంది. దీనికి తలకిందులుగా, బాఖ్ ఆర్గన్ కోసం రాసిన చిన్న జీ మైనర్ ఫ్యూగ్‌లో (ఒకే స్వరవాక్యాన్ని గొంతులు ఒకదాని తరువాత ఒకటి అందుకునే రచన అది) ఆ రచన వాక్యం పై నుండి మొదలై ఒక్కొక్క గొంతూ కిందికి దిగుతూ, నాలుగోసారి వాయించేవారి కాళ్ల కింద ఉన్న మీటల మీద పలుకుతుంది. ఒకటి ఎక్కడం, ఒకటి దిగడం. ఈ రెండింటిలో ఎవరు ఎప్పుడు వచ్చారో వేళ్లు మడిచి లెక్కపెట్టండి. వాక్యం ముందే తెలుసు కాబట్టి లోపలి గొంతులో వచ్చినా పోల్చుకుంటారు.

పునరుజ్జీవన కాలపు రచయిత తాలిస్ నలభై గొంతులకు రాసిన ‘స్పెమ్ ఇన్ ఆలియుమ్’ అద్భుతమే, ఐదేసి గొంతుల బృందాలు ఎనిమిది. కాని దయచేసి మొదటే దాని జోలికి వెళ్లకండి. అదే కాలపు పాలెస్ట్రీనా, విక్టోరియాల నాలుగు గొంతుల రచనలు ముందు వినండి. వీలైతే మీరు, మీ అమ్మాయి కలిసి రెండు గొంతుల కానన్ ఏదైనా పాడి చూడండి. తను మొదలుపెట్టిన నాలుగు లెక్కల తరువాత మీరు అదే పాట అందుకోవాలి. మొదటి రోజు ఇద్దరిలో ఒకరు తప్పక తప్పిపోతారు.

మళ్లీ అడిగినవారు: కోనేటిగట్టు

ముగ్గురికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. డైడో పాటను మూడు రోజులు వరుసగా విన్నాను. పదిహేను లెక్కల తాళం వేస్తూ పదకొండు ఆవర్తనాలూ లెక్కపెట్టగలిగాను. ఇంకొక్క సందేహం. మధ్యయుగపు గానాలు వింటుంటే కొన్ని ఖరహరప్రియలా, కొన్ని తోడిలా తోస్తున్నాయి. అలా పోల్చుకుంటూ వినడం తప్పా?

జవాబు: మంద్రస్థాయి

తప్పు కాదు, స్వరస్థానాల వరకు అది నిజమే. వాళ్ల పాత స్వరక్రమాల్లో డోరియన్ అనే దాని స్వరాలు ఖరహరప్రియవి, ఫ్రిజియన్ స్వరాలు హనుమతోడివి, లిడియన్‌వి మేచకల్యాణివి, మిక్సొలిడియన్‌వి హరికాంభోజివి. కాని తోడి అంటే స్వరస్థానాలు మాత్రమే కాదు కదా, ఆ గాంధారం ఊగితేనే తోడి. ఫ్రిజియన్ గానంలో ఆ స్వరం నిశ్చలంగా నిలుస్తుంది. పోలిక తలుపు దాకా తీసుకెళ్తుంది, లోపలికి వెళ్లాక గమకం కోసం వెతకకండి. అక్కడ ఆ అందమంతా ఒక గొంతుకు మరొక గొంతుకు మధ్య ఏర్పడే ఎడంలో ఉంది. ఇప్పుడు మీరు జోస్కాన్ ‘ఆవె మరియా’ వినండి. మంద్ర పంచమం నుండి షడ్జమానికి ఎగిరే చిన్న పలుకుతో పైగొంతు మొదలుపెడుతుంది, అదే పలుకును రెండోది, మూడోది, నాలుగోది అందుకుంటాయి. చివరన ‘దేవమాతా, నన్ను తలచుకో’ అనే అర్థం వచ్చే పాదం దగ్గర నాలుగు గొంతులూ వెంబడించడం మాని ఒక్కటిగా, నిదానంగా పలుకుతాయి. ఆ పాదాన్ని మాత్రం ఎవరి సాయమూ లేకుండా వినండి.

అడిగినవారు: కోనేటిగట్టు

నిన్న సాయంత్రం దీపం పెట్టాక, ఇల్లు నిశ్శబ్దంగా ఉన్నప్పుడు, మీరు చెప్పిన ‘ఆవె మరియా’ విన్నాను. మొదటిసారి నాలుగు రాకలూ వేళ్లు మడిచి లెక్కపెట్టాను. రెండోసారి పైగొంతును కావాలని వదిలేసి మూడో గొంతును, టెనర్‌ను, పట్టుకున్నాను. రెండుచోట్ల జారిపోయింది, మళ్లీ దొరికింది. ఆఖరి పాదం దగ్గర మాత్రం ఏ గొంతును పట్టుకోవాలో వెతకలేదు, నాలుగూ వాటంతట అవే వినిపించాయి. ఈ రాత్రి అమ్మాయితో కలిసి రెండు గొంతుల కానన్ మొదలుపెడుతున్నాను. ఆల్టోవరస గారూ, తను ముందు పాడుతుంది, నాలుగు లెక్కల తరువాత అందుకునేది నేను.